కొండతేలు తరఫున అమ్మ

శనివారం ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళాలి, అమ్మాయి జ్ఞానదంతం తీయించాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి స్నేహితులు వచ్చేలోగా కుర్చీలు వేయాలి. ఇందులో భయపడవలసింది ఏమీ లేదని అమ్మాయి రాత్రే చెప్పింది. తల్లి సరేనంది. సరేనని పడుకుని, మత్తు ఎక్కువై మెలకువ రాకపోతే ఏం చేయాలి, పన్నుతో పాటు దవడ ఊడివస్తే ఏం చేయాలి, పొరపాటున పక్క పన్ను పీకితే దాన్ని మళ్ళీ అక్కడే పెట్టగలరా, అని తెల్లవారేదాకా ఆలోచించింది.

పన్ను వంకరగా పెరిగిందట. తీయడానికి చాలాసేపు పట్టింది, కుట్లు కూడా పడ్డాయి. వైద్యుడు దూది అదిమిపెట్టి, "రేపు పొద్దున్న దాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. నోరు కదిపితే కుట్లు తెగుతాయి," అన్నాడు.

"ఆవలింత వస్తేనో డాక్టరుగారూ?" అంది తల్లి.

"మెల్లగా ఆవలించాలి."

"తుమ్మొస్తే?"

"తుమ్మాలమ్మా. తుమ్ము ఆపే మందు నా దగ్గర లేదు," అని ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

బస్సులో అమ్మాయి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నొప్పేమోననుకుంది తల్లి. ఇంటికి వచ్చాక అమ్మాయి అటక మీది పాత పలక దించి, సుద్దముక్కతో రాసి చూపించింది. 'ఇవాళ ఆట. నేను మాట్లాడకపోతే ఆట లేదు.'

ఆ ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి. బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుకునే ఆట అది. ఒకరు కత్తివీరుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు అవుతారు. వాళ్ళు నడిచే అడవినీ, దిగే నేలమాళిగనూ, ఎదురుపడే భయంకర జంతువులనూ ఇంకొకరు నడిపించాలి. నడిపించేది అమ్మాయి. మనుషులకీ జంతువులకీ బల్ల మీద చిన్న బొమ్మలుంటాయి. దెబ్బ తగిలిందో తప్పిందో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. అంకె పెద్దదైన కొద్దీ దెబ్బ గట్టిది. ప్రాణాల లెక్కకి తల్లి కుట్టుపెట్టెలోని చొక్కా గుండీలు వాడతారు. దెబ్బ తగిలినప్పుడల్లా కొన్ని గుండీలు పోతాయి. అన్నీ పోతే మనిషి పోయినట్టే.

అమ్మాయికి ముప్పై దాటాయి. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే పని. రోజంతా యంత్రం చప్పుడే గాని మనిషి మాట ఉండదు. తల్లి ఇంట్లో కూర్చుని బట్టల దుకాణాలకి కాజాలు కుట్టిపెడుతుంది. ఆమెకి యంత్రం చప్పుడు కూడా ఉండదు. ఈ ఊరు వచ్చిన కొత్తలో అమ్మాయి శనివారాలన్నీ గోడవైపు తిరిగి పడుకునేది. ఏమయిందే అంటే "ఏం లేదమ్మా" అనేది. ఆ ఏమీ లేకపోవడమే తల్లికి భయం. తర్వాత ఎలాగో ఈ ముగ్గురు స్నేహితులు దొరికారు. శనివారం సాయంత్రాలు తల్లి వంటింట్లో కుడుతున్న కాజా మధ్యలో ఆపి, పక్క గదిలోని నవ్వులు వినేది. లోపలికి మాత్రం వెళ్ళేది కాదు. వెళితే నవ్వు ఆగిపోతుందేమోనని.

పోయిన నెల ఆ నవ్వు ఆగిపోయింది. అమ్మాయి కథలో బురదచెరువులోంచి ఏదో జంతువుని లేపింది. అది ఉందని ముందు సూచన లేదు, పారిపోయే దారి లేదు. అది ఒక్క ఊపిరి ఊదేసరికి ముగ్గురి గుండీలూ ఒకేసారి అయిపోయాయి. ముగ్గురూ "పర్లేదులే" అన్నారు. మనుషులు అంత మర్యాదగా మాట్లాడారంటే ప్రమాదమే. తర్వాతి శనివారం ఒకరికి తలనొప్పి వచ్చింది, ఆ పై వారం ఇంకొకరికి బంధువులు వచ్చారు. ఈ వారం మాత్రం 'ఒక్కసారి వచ్చి చూస్తాం, తర్వాత సంగతి తర్వాత' అని కబురు పెట్టారు.

అందుకని అమ్మాయి ఈసారి జాగ్రత్తగా కొండతేలును తయారు చేసుకుంది. బస్సంత తేలు, గునపమంత ముల్లు, దాని ప్రాణాలు ఒక సీసాడు గుండీలు. ముగ్గురూ కలిసినా దాన్ని గెలవలేరు. గెలవడానికి పెట్టింది కాదది. గెలవలేనిది లోపల ఉందని ముందే పసిగట్టి, తప్పుకుని, వేరే దారిన పోవడం కూడా ఆటే. కాబట్టి దారిలో చిల్లులు పడిన కవచాలు పెట్టింది. వెనక తలుపు తెరిచి ఉంచింది. గడప దాటినవాళ్ళ వెంట తేలు పడదని రాసుకుంది.

'రావద్దని చెప్పేస్తా' అని పలక మీద రాసింది ఇప్పుడు.

"చెబితే మళ్ళీ రారే," అంది తల్లి.

ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నువ్వు రాసుకున్నది నేను చదువుతా. నాకు చదవడం రాదా ఏంటి?" అంది తల్లి మళ్ళీ. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుంటూ చదువుతుంది గాని అక్షరం వదలదు.

అమ్మాయి చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. 'ఉన్నది ఉన్నట్టు చదవాలి' అని రాసి, 'ఉన్నట్టు' కింద రెండు గీతలు గీసింది.

"ఉన్నది ఉన్నట్టు కాకపోతే ఇంకెలా చదువుతారే?" అంది తల్లి, కొంచెం నొచ్చుకుంటూ.

మూడింటికి ముగ్గురూ వచ్చారు. ఆటలో కత్తివీరుడైన లిఫ్టు మెకానిక్. పగలంతా రోగులకి మందులిచ్చి ఇక్కడ జేబులు కొట్టే దొంగ వేషం వేసే నర్సు. చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పే ట్యూషన్ మాస్టారు, ఆయన మంత్రగాడు. నర్సు వచ్చీ రాగానే అమ్మాయి బుగ్గ మీద వేలు ఆనించి చూసి, "డాక్టరిచ్చిన మాత్ర వేసుకుందా ఆంటీ? దానికి బాగా నిద్రొస్తుంది," అంది. మెకానిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు, లేచి వెళ్ళడానికి వీలుగా. తల్లి అది చూసింది.

అంకెలు కనబడకుండా అమ్మాయి అడ్డం పెట్టుకునే అట్టతెర వెనక, తేలు ప్రాణాల సీసా పక్కన, తల్లి కూర్చుంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"నేలమాళిగ మెట్ల పక్కన... ఇనుప కవచాలు పడి ఉన్నాయి. ఒక్కోదానికి రొమ్ము దగ్గర... చేయి దూరేంత చిల్లు ఉంది."

అమ్మాయి రాసుకున్నది అంతే. తల్లికి అక్కడ ఆగడం చేతకాలేదు. "ఇనుముకే అంత చిల్లు పడిందంటే మనిషి సంగతి చూసుకోండి నాయనా! లోపల చాలా పెద్దదేదో ఉంది. నా మాట విని వచ్చిన దారినే వెళ్ళిపోండి."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"అమ్మగారు మనల్ని లోపలికి రానివ్వకూడదని చూస్తున్నారు," అన్నాడు మెకానిక్ గొంతు తగ్గించి.

"అంటే లోపల ఏదో దాచారన్నమాట," అంది నర్సు.

"నిధే," అని తేల్చారు మాస్టారు.

"నిధి ఉందని నేనెప్పుడన్నాను మాస్టారూ?"

"అనలేదమ్మా. అందుకే అనుమానం."

తల్లి కంగారుగా అమ్మాయి వైపు చూసింది. మాత్ర పని చేసింది. అమ్మాయి తల గోడకి ఆనించి నిద్రలోకి జారిపోయింది. భుజం తట్టబోతే నర్సు చెయ్యడ్డం పెట్టింది. "లేపకండాంటీ, ఎంత నిద్రపోతే అంత మంచిది." తల్లి దుప్పటి కప్పి, ఒంటరిగా మళ్ళీ తెర వెనక్కి వచ్చింది. ఈ ముగ్గురి ప్రాణాలూ ఇప్పుడు తన చేతుల్లో ఉన్నాయన్న మాట అప్పుడు పూర్తిగా తలకెక్కింది.

ఆటలో ముగ్గురూ మెట్లు దిగి గదిలోకి వెళ్ళారు. తర్వాత చదవవలసిన వాక్యం, 'వెనక తలుపు తెరిచే ఉంది.' చదివింది. ఒక్క తలుపేనా! తొక్కిసలాట జరిగితే? గడియ పడిపోతే? "ఎడమవైపు ఇంకో తలుపుంది," అంది. "కుడివైపు కూడా ఉంది. మూలన ఇంకోటి. పైన కిటికీ ఉంది, అందులోంచి మనిషి దూరతాడు. కాస్త లావుపాటి మనిషైనా దూరతాడు."

మెకానిక్ కనుబొమలు ముడిచాడు. "నా సర్వీసులో ఒక గదికి ఇన్ని తలుపులు చూళ్ళేదు. వీటన్నిట్లోంచీ ఏదో ఒకటి వచ్చి మన మీద పడుతుంది."

"మూసేద్దాం," అన్నారు మాస్టారు.

"మూస్తే సరిపోదు, మేకులు కొట్టాలి," అంది నర్సు.

"మేకులెందుకు తల్లీ! తలుపన్నాక తెరుచుకోవాలి కదా!" అంది తల్లి.

"చూశారా, గొంతు వణుకుతోంది. సరిగ్గా పట్టేశాం. కొట్టెయ్," అన్నాడు మెకానిక్.

ఎడమ తలుపుకి మేకులు పడ్డాయి. కుడి తలుపుకి పడ్డాయి. మూల తలుపుకి పడ్డాయి. కిటికీని మాస్టారు మంత్రం వేసి రాయిగా మార్చేశారు. తల్లి చేతులు జోడించి, "ఆ వెనకదైనా వదిలేయండి బాబూ, మీరొచ్చిందే అందులోంచి!" అని బతిమాలింది. అంతగా బతిమాలుతున్నారంటే అసలు కుట్రంతా అక్కడే ఉందని ముగ్గురూ ఒప్పుకుని, దానికి రెట్టింపు మేకులు కొట్టారు.

అప్పుడు కొండతేలు బయటికి వచ్చింది. రాక తప్పదు, అలా రాసి ఉంది.

మొదటి దెబ్బ నర్సు మీదికి. తల్లి తెర వెనక పాచిక వేసింది. ఇరవై. నర్సు ముందున్న గుండీలన్నీ ఒక్కసారిగా తీసెయ్యాలి. తల్లి తెర పైనుంచి చూసింది. ఆ పిల్ల బుగ్గ మీద చేయి పెట్టుకుని కూర్చుంది, ఇందాక అమ్మాయి బుగ్గ తాకిన చెయ్యి. వాళ్ళు ఇప్పుడే చచ్చిపోతే ఇప్పుడే లేస్తారు. లేస్తే ఇక రారు.

"రెండు," అంది తల్లి. "తప్పిపోయింది. దానికి చూపు ఆనదు పాపం."

రెండో దెబ్బ పద్దెనిమిది. "మూడు. కాలు జారింది," అంది.

"ఇంత చేతకాని తేలేంటి?" అన్నాడు మెకానిక్.

మాస్టారు వేలెత్తారు. "ఇది పిల్ల. తల్లితేలు లోపలెక్కడో ఉంటుంది. నా మంత్రాలన్నీ దానికోసం దాచుకుంటున్నా."

"అయితే దీన్ని కట్టేసి తీసుకెళ్ళి అమ్ముకుందాం," అని నర్సు తేలు పొట్ట కిందికి దూరి బంగారం వెతకసాగింది. మెకానిక్ దాని తోక మీదికి ఎక్కి కూర్చున్నాడు.

"పొట్ట కిందికి వెళ్ళకు తల్లీ! తోక దిగు బాబూ, అది మంచిది కాదు!" అని తల్లి మొత్తుకుంటూనే ఉంది. పాచిక పడుతూనే ఉంది. పదిహేడుని ఐదు చేసింది, పదహారుని ఒకటి చేసింది. ఆమె ఎంత కాపాడితే వాళ్ళు అంత దగ్గరికి జరిగారు. జరిగి జరిగి, విసుగొచ్చి, మెకానిక్ ఆవలించాడు. నర్సు ఫోను చూసుకుంది. ఆ ఫోను వెలుగు తల్లి చూసింది.

"బాగానే ఉందమ్మా," అన్నారు మాస్టారు, గడియారం వైపు చూస్తూ. "పిల్లల్ని ఆడించినట్టు ఆడిస్తున్నారు. పర్లేదులే."

ఆ మాట మళ్ళీ వచ్చింది. ఇంత కష్టపడి, ఇన్ని అబద్ధాలాడి, మనుషుల్ని చంపినప్పుడు వచ్చిన మాటే బతికించినా వచ్చింది. తల్లి చేతిలోంచి పాచిక జారి బల్ల మీద టక్కున పడింది. అమ్మాయి ఉలిక్కిపడి లేచింది.

లేచి, తెర వెనక్కి తొంగి చూసింది. పాచిక మీద పందొమ్మిది ఉంది.

"నాలుగు," అంటోంది తల్లి.

అమ్మాయి పలక అందుకుంది. 'ఎన్నిసార్లు?' అని రాసింది. తల్లి తల వంచుకుంది. అమ్మాయి కోప్పడలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. నెమ్మదిగా అట్టతెర తీసి బల్ల మీద పడుకోబెట్టి, 'వాళ్ళకి చెప్పు' అని రాసింది.

"పందొమ్మిది బాబూ," అంది తల్లి. "నాలుగు కాదు. ఇందాక రెండన్నది ఇరవై. మూడన్నది పద్దెనిమిది. నేను చెప్పిన అంకెల్లో ఒక్కటీ నిజం కాదు."

ముగ్గురూ ఆమె వంక చూడటం లేదు. తెర పోయిన చోట నిండుగా నిలబడి ఉన్న సీసా వంక చూస్తున్నారు.

"ఆ గుండీలు ఎవరివి?" అన్నాడు మెకానిక్.

"తేలువి. దాని ప్రాణాలు."

"మరి తల్లితేలువో?" అన్నారు మాస్టారు, గొంతు కాస్త తగ్గి.

"తల్లీ లేదు పిల్లా లేదు మాస్టారూ. ఉన్నదల్లా ఇదొక్కటే. దీని దగ్గరికే వద్దని మొదట్నించీ మొత్తుకుంటున్నా!"

మెకానిక్ తన బొమ్మను తేలు తోక మీంచి మెల్లగా దింపాడు. ఆటలో తేలు నిద్రపోవడం లేదు గాని, అతను మాత్రం దాన్ని లేపకుండా దింపినట్టే దింపాడు.

అమ్మాయి రాసింది. 'అయిపోయినవి అయిపోయాయి. ఇక పాచిక అందరి ముందే. పారిపోవచ్చు. గడప దాటితే అది రాదు.'

"పారిపోదాం!" అన్నారు ముగ్గురూ ఒక్కసారిగా.

"ఏ తలుపులోంచి?" అంది నర్సు.

నాలుగు తలుపులకీ మేకులు కొట్టింది వాళ్ళే.

ఆ తర్వాత అరగంటసేపు ఆ గదిలో ఫోను చూసుకున్నవాళ్ళు లేరు. ఒక్కో మేకు పీకడానికి ఒక్కో పాచిక అని అమ్మాయి రాసి చూపించింది. మెకానిక్ బల్ల పట్టుకుని లేచి నిలబడి వేశాడు. "రోజూ లిఫ్టు తలుపులు ఊడదీసేవాణ్ణి, ఈ మేకు రాదా!" అన్నాడు. రాలేదు. తల్లి కళ్ళు మూసుకుని తేలు తరఫున వేసింది, కళ్ళు తెరిచి "అయ్యో" అంది. ఆ దెబ్బకి అయిపోయిన నర్సు గుండీలన్నీ తల్లి తన చేత్తోనే తీసింది. "నొప్పిగా ఉందా తల్లీ?" అని అడిగింది కూడా. మాస్టారు దాచుకున్న మంత్రాలన్నీ ఒకేసారి విప్పారు. పిడుగులు పడ్డాయి, మంచు కురిసింది, సీసాలోంచి గుప్పెడు గుండీలు తగ్గాయి. సీసా చూస్తే తగ్గినట్టే లేదు.

చివరికి వెనక తలుపుకి సందు పడింది. దాని పక్కనే ఉన్న మెకానిక్ ఒక్కడే దూరగలడు.

"నువ్వు పో!" అంది చచ్చిపోయిన నర్సు, కుర్చీలోంచి లేచి.

మెకానిక్ సందులోంచి బయటికి చూశాడు, వెనక్కి మాస్టారి వంక చూశాడు. ఆయన ముందు రెండే గుండీలు ఉన్నాయి. "ఈయన్నొదిలేసి ఏం పోతాం," అని వెనక్కి తిరిగాడు. తల్లి పాచికను రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు కదిపింది. తిన్నగా, అందరి ముందూ వేసింది.

ఇరవై.

గునపమంత ముల్లు ఇద్దరినీ ఒకేసారి గుచ్చింది. బల్ల మీద ఇప్పుడు ముగ్గురి ముందూ ఒక్క గుండీ లేదు. తల్లి అమ్మాయి వంక చూడలేకపోయింది. వచ్చే శనివారం కనబడింది, ఆ పై శనివారం కనబడింది, గోడవైపు తిరిగిన వీపు కనబడింది. "తప్పంతా నాదే," అంది. "అది నిద్రపోయింది, దానికేం తెలీదు. దాన్నేమీ అనుకోకండి నాయనా. ఇక నేను ఈ గదిలోకి రాను. మీరు మాత్రం..."

"అసలు మేకులన్నదెవరు?" అన్నాడు మెకానిక్ ఉన్నట్టుండి.

"నువ్వే!" అంది నర్సు.

"నేను తలుపుల మీద అనుమానమే పడ్డా. మేకులన్నది నువ్వు!"

"కిటికీ రాయి చేసింది ఎవరండీ మాస్టారూ? లావుపాటి మనిషి కూడా దూరతాడని ఆంటీ నోరు విడిచి చెప్పారుగా!"

"నేను లెక్కప్రకారం పోయాను," అన్నారు మాస్టారు.

"లెక్కప్రకారమే పోయారు, మమ్మల్నీ తీసుకుపోయారు!"

గొంతులు పెరిగాయి. తల్లి వాళ్ళ మధ్యకి వెళ్ళి ఆపబోయింది, కొట్టుకుంటారేమోనని. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చోబెట్టేసింది. "పోయిన నెల ఎందుకు చచ్చామో కూడా తెలీలేదాంటీ. ఇవాళ మా చావుకి ప్రతి మేకూ మేం కొట్టుకున్నదే. ఇంత చక్కగా ఎప్పుడూ చావలేదు."

"కవచాలప్పుడే చెప్పారు అమ్మగారు," అన్నాడు మెకానిక్, కుర్చీలో వెనక్కి పూర్తిగా వాలుతూ. "వచ్చే వారం కొత్త మనుషులతో అదే గదికి వెళ్దాం. మేకులు ఎవరైనా తెస్తే ఒప్పుకోను. తేలు మాత్రం అమ్మగారే. అంకె నిజం చెప్పాలి మరి."

అమ్మాయి బుగ్గ గట్టిగా పట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది. "నవ్వకే, కుట్లు తెగుతాయి!" అని తల్లి, నర్సు ఒకేసారి అరిచారు. దాంతో ఇంకా నవ్వొచ్చింది ఆమెకి. వీధిదీపాలు వెలిగాయి. మేకుల సంగతి ఇంకా తేలలేదు. చచ్చిపోయిన ముగ్గురిలో ఒక్కరు కూడా లేచే సూచన కనబడకపోయేసరికి, తల్లి మళ్ళీ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఎన్నిటికో భయపడింది గాని, పాలు అయిపోతాయని మాత్రం ఆమె అనుకోలేదు.